ట్విన్ పీక్స్ లోయలో ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

సియాటిల్ వైపు ఉండే మనవాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, ముందుగా తీసుకెళ్లే చోట్లలో స్నోక్వాల్మీ జలపాతం ఒకటి. రెయిలింగ్ పక్కన ఫోటోలు, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర, సాయంత్రానికి ఇల్లు. ‘ట్విన్ పీక్స్’ సీరియల్ టైటిల్స్‌లో తెర నిండా దూకేది ఆ జలపాతమేనని వాళ్లలో చాలామందికి తెలియదు. నేను వెళ్లింది మాత్రం అచ్చంగా ఆ సీరియల్ కోసం. అక్కావాళ్లు ఉండేది సమామిష్‌లో, అక్కణ్ణుంచి దగ్గరే. కారు నడిపింది బావగారు. ఆయన ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు, కానీ ఆ దారులన్నీ ఆయనకు కొట్టినపిండి.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 1990 ఏప్రిల్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైంది. సృష్టికర్తలు డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్. కలప మిల్లు ఉన్న ఒక చిన్న ఊళ్లో లారా పామర్ అనే స్కూలమ్మాయి శవం ప్లాస్టిక్ షీట్లో చుట్టి నీటి ఒడ్డున దొరుకుతుంది. విచారణకు ఎఫ్‌బీఐ ఏజెంట్ డేల్ కూపర్ వస్తాడు. అక్కడి షెరిఫ్ హ్యారీ ట్రూమన్. హంతకుడెవరన్నది అందరూ మాట్లాడుకునే మిస్టరీ. నన్ను కట్టిపడేసింది మాత్రం ఈ ఇద్దరి జత. పోలీసు కథల్లో మామూలుగా బయటి అధికారికీ లోకల్ అధికారికీ పడదు. ఇక్కడ కూపర్ మొదటి రోజే, ఈ కేసులో పెత్తనం మాదే, మీకు ఇబ్బంది లేదు కదా అని అడిగేస్తాడు. ట్రూమన్ మీరు రావడమే సంతోషం అంటాడు, అంతటితో ఆ గొడవ ముగుస్తుంది. తర్వాత కూపర్ కలలో దొరికిన ఆధారాలంటాడు, రాయి విసిరి సీసా పగులుతుందేమో చూసి అనుమానితులను వడపోస్తానంటాడు. ట్రూమన్ అతణ్ని ఎగతాళి చేయడు, వెంట నిలబడతాడు. ఆయన నమ్మాడు కాబట్టే ఆ విచిత్రాలను మనమూ నమ్ముతాం.

అందుకే నా లెక్కలో మొదట చూడాల్సింది షెరిఫ్ ఆఫీసు. అది ఒకప్పటి వేయర్‌హౌజర్ కలప మిల్లు ఆఫీసు. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఆ ఆవరణలో డర్ట్‌ఫిష్ అనే ర్యాలీ కార్ల డ్రైవింగ్ స్కూలు నడుస్తోంది. కార్ల మోత, ఎగిరే మట్టి మధ్య సీరియల్లో చూసిన ఆ ముఖద్వారం అలాగే ఉంది. పని జరుగుతున్న చోటు కాబట్టి లోపలికి అడుగు పెట్టేముందు అడగాలి. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే రైనిగ్ రోడ్డు మీద, టైటిల్స్‌లో ఊరి స్వాగత బోర్డు కనిపించే మలుపు వస్తుంది. బోర్డు మీద జనాభా 51,201 అని రాసి ఉంటుంది. వెనక మౌంట్ సై కొండ. మేం వెళ్లినప్పుడు మబ్బు పట్టి కొండ సగమే కనిపించింది. ఈ కథకు అలా ఉంటేనే అందమని నాకనిపించింది.

ఆ దగ్గర్లోనే రైనిగ్ వంతెన ఉంది. చావు తప్పించుకున్న రోనెట్ అనే అమ్మాయి చిరిగిన బట్టలతో, మాట పడిపోయి నడిచొచ్చేది దీని మీదే. అప్పట్లో రైలు వంతెన. పట్టాలు తీసేసి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చేశారు. టికెట్ లేదు, జనం లేరు. ఇనుప కమ్మీల మధ్య నిలబడితే కింద నది చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. డబ్బు పెట్టి చూసినవాటన్నిటికంటే ఇదే నాకు ఎక్కువ ఇచ్చింది. బావగారు కూడా ఇక్కడే మొదటిసారి కథ అడిగారు. హంతకుడి పేరు నేను చెప్పలేదు.

జలపాతం ఎత్తు 268 అడుగులు, నయాగరా కంటే ఎక్కువ. అక్కడి ఆదివాసులైన స్నోక్వాల్మీ తెగవారికి అది పవిత్ర స్థలం. పైనున్న చోటు నుంచి అందరూ చూస్తారు. ఓపికున్నవాళ్లు కింది దారి కూడా దిగండి, ఎక్కేటప్పుడు మాత్రం మోకాళ్లకు పని పడుతుంది. పెద్దవాళ్లను దింపకండి.

జలపాతం అంచునున్న సాలిష్ లాడ్జ్‌నే సీరియల్లో గ్రేట్ నార్తర్న్ హోటల్‌గా బయటి నుంచి చూపించారు. 2019లో దాన్ని స్నోక్వాల్మీ తెగవారే కొనుక్కున్నారు. అక్కడ గది తీసుకోవాలా? కూపర్ ఉన్న గది కోసమైతే వద్దు. పైలట్, అంటే మొదటి ఎపిసోడ్లో హోటల్ లోపలి భాగాలు తీసింది సియాటిల్ నుంచి ఫెర్రీలో దాటే నీటికి అవతలి గట్టున, పౌల్స్‌బో దగ్గరి కియానా లాడ్జ్‌లో. పైగా సాలిష్‌లో అద్దె బాగా ఎక్కువ, గదులన్నిటికీ జలపాతం కనిపించదు. పెళ్లిరోజు లాంటి సందర్భమైతే సరే, లేదంటే అక్కడ ఒక టిఫిన్ చేసి బయటపడండి.

నేను బస చేసింది హైవే పక్కనున్న ఒక చిన్న హోటల్లో. గది శుభ్రంగా ఉంది కానీ రాత్రంతా ట్రక్కుల మోత. వెనకవైపు గది ఇవ్వమని ముందే రాసినా రోడ్డువైపే ఇచ్చారు, అడిగితే మార్చలేదు. నిద్ర ముఖ్యమనుకుంటే నార్త్ బెండ్ ఊరి లోపల, హైవేకి దూరంగా చూసుకోండి. బస్సులు తక్కువ, కారు లేకుండా ఈ చోట్లన్నీ ఒక్క రోజులో తిరగడం కష్టం.

నార్త్ బెండ్‌లోని ట్వీడ్స్ కెఫేనే సీరియల్లోని డబుల్ ఆర్ డైనర్. 2000లో మంటల్లో లోపలంతా కాలిపోయింది. బాగుచేశాక పాత రూపం పోయింది. 2015లో కొత్త సీజన్ షూటింగ్ కోసం మళ్లీ అచ్చం సీరియల్లోలా తీర్చిదిద్దారు, దాన్ని అలాగే ఉంచారు. చెర్రీ పండ్లు కూరిన ‘పై’ అనే తీపి వంటకం పుల్లగా, తియ్యగా, వేడిగా వచ్చింది. కాఫీ మన ఫిల్టర్ కాఫీ చిక్కదనం ఆశిస్తే పలచగా అనిపిస్తుంది, కానీ కప్పు ఖాళీ అయ్యేలోపే మళ్లీ పోశారు. వడ్డించిన పెద్దావిడ, నేను గోడ మీది ఫోటోలు చూస్తుంటే తనే వచ్చి ఏ సీను ఎక్కడ తీశారో ఓపిగ్గా చెప్పింది. ట్రిప్‌లో దొరికిన మంచి సర్వీసు అదే. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి: అమెరికాలో ఈ ‘పై’ల పిండిలో కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు, అడిగి తినండి.

సీరియల్లో బార్‌గా కనిపించే ఫాల్ సిటీలోని రోడ్‌హౌస్ బయటి నుంచి చూస్తే చాలు. ఎవరెట్‌లో, సీరియల్లో లారా పామర్ ఇల్లుగా చూపించిన ఇంటికి మాత్రం వెళ్లండి. పైలట్ తీస్తున్నప్పుడు సెట్ పనివాడు ఫ్రాంక్ సిల్వా ప్రతిబింబం పొరపాటున అద్దంలో పడింది ఆ ఇంట్లోనే. లించ్ ఆ షాట్ తీసేయలేదు. బాబ్ అనే ఆ భయంకర పాత్ర సిల్వాదే అయింది. ఈ కథలో అంతుచిక్కని వాటిలో కొన్ని అలా అనుకోకుండా పుట్టాయి, అందుకే వాటికి జవాబు వెతకడం నేను మానేశాను. హంతకుణ్ని బయటపెట్టడం లించ్‌కు ఇష్టం లేదు, ఛానల్ ఒత్తిడితో రెండో సీజన్లో చెప్పేశారు. ఆ తర్వాత చాలామంది చూడటం మానేశారు. నేను ఆగలేదు. చివరి ఎపిసోడ్లో కూపర్ ఎర్ర తెరల వెనక్కి వెళ్లినప్పుడు ట్రూమన్ అడవిలో రాత్రంతా కాచుకుని కూర్చుంటాడు, ఆ సీను నాకు మొత్తం మిస్టరీ కంటే ఎక్కువ. 2017లో 18 ఎపిసోడ్లతో కథ తిరిగొచ్చింది. కూపర్‌గా వేసిన కైల్ మెక్‌లాక్లన్ వచ్చాడు, ట్రూమన్‌గా వేసిన మైకేల్ ఓంట్‌కీన్ రాలేదు. జబ్బుపడిన హ్యారీ ట్రూమన్‌తో అతని అన్న ఫోన్లో మాట్లాడటమే చూపించారు. ఆ లోటు నాకు ఇప్పటికీ తీరలేదు.

పామర్ ఇల్లు సొంతదారులు ఉంటున్న ఇల్లు, రోడ్డు మీద నుంచే చూడండి, తలుపు కొట్టకండి. తీరిక ఉంటే మరో రోజు సియాటిల్ నుంచి ఫెర్రీలో బెయిన్‌బ్రిడ్జ్ దాటి కియానా లాడ్జ్ వైపు వెళ్లొచ్చు. లారా దొరికిన ఒడ్డు అక్కడే. అది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే చోటు, ఫంక్షన్ ఉన్న రోజు లోపలికి రానివ్వరు, ముందే ఫోన్ చేయండి. ఆగస్టులో నీరు సన్నబడుతుంది కాబట్టి నవంబరు వానల్లోనో, మంచు కరిగే మే నెలలోనో వెళ్లండి. రెయిన్ కోటు తప్పనిసరి.