ఐ-కార్ శిక్షణ, ఏఎస్‌ఈ సర్టిఫికెట్: బాడీ షాపు పనిలోకి వచ్చేవారికి ఏది ఎంత ఉపయోగం?

అమెరికాలో ప్రమాదానికి గురైన కార్లను బాగుచేసే బాడీ షాపుల్లో స్థిరపడాలనుకునేవారికి మొదటి వారంలోనే రెండు పేర్లు చెవిన పడతాయి: ఐ-కార్, ఏఎస్‌ఈ. వీటిలో మొదటిది పని నేర్పే సంస్థ, రెండోది పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ. ఈ తేడా తెలియక ఏదో ఒకటి ఉంటే చాలనుకునేవారు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. టెక్సాస్‌లో ఒక బాడీ షాపులో ఎస్టిమేటర్‌గా (నష్టం, రిపేరు ఖర్చు అంచనా వేసే ఉద్యోగిగా) ఉంటూ ఈ రెండు మార్గాల్లో వచ్చినవారి పనితనాన్ని రోజూ చూస్తున్నాను. ఐ-కార్ ఇచ్చేవాటిలో అన్నింటికంటే విలువైనది వెల్డింగ్ పరీక్ష అని, ఆ సంస్థ ఆన్‌లైన్ పాఠాలను ఒంటరిగా నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం.

ఐ-కార్ 1979లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైంది. అప్పటివరకు చాలా కార్లలో బరువంతా మోసే ఫ్రేమ్ వేరుగా, దానిమీద కూర్చునే బాడీ వేరుగా ఉండేవి. ఆ రెండూ ఒకటైపోయిన యూనిబాడీ కార్లు రావడంతో, పైకి కనిపించే సొట్టను సాగదీసి పుట్టీ పెట్టి రంగు వేస్తే సరిపోయే రోజులు పోయాయి. ముందుభాగంలో పొడవునా ఉండే ఉక్కు దూలం (రైల్) కొద్దిగా వంగినా చక్రాల అలైన్‌మెంట్ నుంచి గుద్దుడు దెబ్బను పీల్చుకునే జోన్ వరకు అన్నీ దెబ్బతింటాయి. ఈ మార్పును తట్టుకోవడానికి కార్ల కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, రిపేరు షాపులు కలిసి ఏర్పరచుకున్న వేదిక కావడం వల్లే దీని పాఠాల్లో ఆ మూడు పక్షాల అవసరాలూ కనిపిస్తాయి.

ఆన్‌లైన్ పాఠాల్లో విషయం గట్టిగానే ఉంది. ముఖ్యంగా బోరాన్ కలిపిన అతిదృఢమైన ఉక్కు గురించిన పాఠం ఈ పనిలో ఉన్న ప్రతివారూ చదవాల్సిందే. బి-పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య ఉండే స్తంభం) వంటి చోట్ల వాడే ఆ ఉక్కును వేడిచేసి నిటారు చేయబోతే దాని బలం పోతుంది, అయితే బయటికి ఆ నష్టం ఏమాత్రం కనిపించదు. అందుకే దాన్ని సరిచేయకుండా, కంపెనీ చూపిన చోట కోసి కొత్తది అమర్చాలి. ఇంత విలువైన విషయం చెప్పిన తర్వాత పెట్టే పరీక్ష మాత్రం నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే రకం. చేతిలో ఎన్నడూ వెల్డింగ్ టార్చ్ పట్టనివారు కూడా శ్రద్ధగా చదివితే దాటేయగలరు. ఈ లోటు కొత్తవారికి చాలా హాని చేస్తుందని నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే తెర మీద వచ్చిన మార్కులు చూసి తమకు పని వచ్చేసిందని నమ్మేవారు వాళ్లే.

వెల్డింగ్ పరీక్ష దగ్గర ఇలాంటి సందేహానికి తావుండదు. శిక్షకుడు మన షాపుకే వస్తాడు, మనం రోజూ వాడే మెషీన్‌తోనే చేయమంటాడు. కాబట్టి మనిషితో పాటు షాపు మెషీన్ సత్తా కూడా అక్కడే తేలిపోతుంది. రేకు ముక్కలను నిలువుగానూ తలకు పైగానూ బిగించి ప్లగ్ (పై రేకులోని రంధ్రాన్ని నింపి కిందిదానికి అతికేది), ఫిల్లెట్ (ఒకదానిమీద ఒకటి ఉన్న రేకులను అంచు దగ్గర కలిపేది), బట్ (ఎదురెదురు అంచులను కలిపేది) వెల్డ్‌లు వేయాలి. తలపైన వేసేటప్పుడు కరిగిన లోహం కిందికి జారాలని చూస్తుంది, నిప్పురవ్వలు కాలర్‌లోకి పడుతుంటాయి, చేయి కాస్త వణికినా అతుకు ఒక పక్కకు ఉబ్బుతుంది. శిక్షకుడు ముందు కంటితో చూసి కొలుస్తాడు. ఆ తర్వాత ముక్కను వైస్‌లో (కదలకుండా పట్టే బిగింపు పరికరంలో) బిగించి అతుకు దగ్గర చీల్చేస్తాడు. ప్లగ్ వెల్డ్ సరిగా లోపలికి దిగి ఉంటే రెండో రేకు నుంచి లోహం ముక్క ఊడివచ్చి రంధ్రం పడుతుంది. పైపైన అంటుకుని ఉంటే రెండు రేకులూ శుభ్రంగా విడిపోతాయి. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న అనుభవజ్ఞులు కూడా అలా విడిపోయిన రేకులను చూసి నిశ్శబ్దమైపోవడం నేను చూశాను. ఈ సర్టిఫికెట్ 5 సంవత్సరాలే చెల్లుతుంది, ఆపై మళ్లీ చేసి చూపాలి, అది సరైన నియమమే.

ఏఎస్‌ఈ 1972 నుంచి ఉంది. ఇది పాఠాలు చెప్పదు. బి2 రంగు పనికి, బి3 బయటి ప్యానెళ్లకు, బి4 నిర్మాణ భాగాలకు, బి5 మెకానికల్, ఎలక్ట్రికల్ భాగాలకు, బి6 నష్టం అంచనాకు సంబంధించిన పరీక్షలు. మొదటి నాలుగూ పూర్తిచేసినవారికి మాస్టర్ హోదా లభిస్తుంది. ప్రశ్నలు పుస్తకం బట్టీపట్టినవారికి లొంగవు. ఇద్దరు టెక్నీషియన్లు చెప్పిన మాటల్లో ఎవరిది సరైనదో తేల్చమనే తరహా ప్రశ్నలు నిజంగా పని చేసినవారికే అర్థమవుతాయి. అయితే పరీక్ష నెగ్గినంత మాత్రాన సర్టిఫికెట్ రాదు, సాధారణంగా రెండేళ్ల పని అనుభవం కూడా చూపాలి. అందువల్ల కొత్తగా చేరేవారు ముందు ఐ-కార్ పాఠాలతో మొదలుపెట్టి, షాపులో చేయి తిరిగాక వెల్డింగ్ పరీక్ష ఇచ్చి, ఆపైన ఏఎస్‌ఈకి వెళ్లడం మేలు. ఖర్చు యజమాని భరిస్తాడా అన్నది ఉద్యోగంలో చేరేముందే అడిగి తెలుసుకోండి.

ఈ రెండింటిలో ఏదీ కార్ల కంపెనీ ఇచ్చే రిపేరు పద్ధతికి ప్రత్యామ్నాయం కాదు. ఒక 2010 మోడల్ హోండా ఫిట్ పైకప్పును వెల్డింగ్‌తో అమర్చాల్సి ఉండగా ఒక షాపు జిగురుతో అతికించింది, తర్వాత ఆ కారు ప్రమాదానికి గురై అందులోని దంపతులు తీవ్రంగా గాయపడ్డారు. 2017లో డల్లాస్ జ్యూరీ ఆ షాపు మీద 3 కోట్ల డాలర్లకు పైగా పరిహార భారం మోపింది. రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారం చూపే ఐ-కార్ వారి ఆర్‌టీఎస్ వెబ్ పోర్టల్ ఈ విషయంలో ఎంతో ఉపకరిస్తుంది. ఏ కంపెనీ సమాచారం ఎక్కడ దొరుకుతుందో అక్కడ చూడవచ్చు. కొత్త టెక్నీషియన్‌కు నేను ముందుగా అలవాటు చేసేది ఆ పోర్టల్‌నే.

షాపులకు ఐ-కార్ ఇచ్చే గోల్డ్ క్లాస్ గుర్తింపు గురించి ఒక మాట. అది గోడమీద ఉందంటే ఎస్టిమేటర్, రంగు, నిర్మాణ పనులు వంటి ప్రతి విభాగంలోనూ శిక్షణ పొందినవారు ఉన్నారని అర్థం, అంతేకాని మన కారును ముట్టుకునే ప్రతి చేయీ శిక్షణ పొందిందని కాదు. నిర్మాణ పని ఎవరు చేస్తారో, వారి వెల్డింగ్ సర్టిఫికెట్ గడువులో ఉందో లేదో కారు అప్పగించేటప్పుడే అడగండి.

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసేవారి ముందుకూ ఇప్పుడు ఇదే ఉక్కుతో చేసిన కార్లు, డ్రైవర్‌కు సాయపడే రాడార్లు, కెమెరాలు ఉన్న కార్లు వస్తున్నాయి. మన ఐటీఐల్లో ఏడాది పాటు సాగే మెకానిక్ ఆటో బాడీ రిపేర్ కోర్సు ఉంది, పునాదికి అది మంచిదే. అందులో చేరిన పిల్లలకు తమ అతుకును తామే చీల్చి చూసే పరీక్షను కూడా తప్పనిసరి చేస్తే బాగుంటుందని నా కోరిక. దానికి కావలసినవి నాలుగు రేకు ముక్కలు, ఒక వైస్, కచ్చితంగా కొలిచే ఒక గురువు.