ఆకు ఖాళీ అయితే మళ్ళీ వడ్డిస్తారు: నెల్లూరులో ఒక మెస్సు భోజనం

నెల్లూరు ట్రంకు రోడ్డు నుండి లోపలికి వెళ్ళే ఒక సందులో, కింద బియ్యం దుకాణం, పైన భోజనశాల ఉన్న పాత మేడ ఒకటి ఉంది. బోర్డు మీద పేరు కంటే ‘చేపల పులుసు భోజనం’ అన్న అక్షరాలే పెద్దవి. నేను ఇరవై ఏళ్ళుగా అక్కడికి వెళుతున్నాను గానీ, దాని గురించి రాయాలనిపించింది మాత్రం మొన్న జనవరిలో ఇద్దరు విదేశీ అతిథులను వెంటబెట్టుకొని వెళ్ళిన రోజునే. ఒకరు మా అల్లుడితోపాటు శ్రీసిటీలో పనిచేసే జపాన్ ఇంజినీరు. మరొకరు మా అమ్మాయితోపాటు విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న ఇథియోపియా అమ్మాయి. ఉదయం నేలపట్టులో గూడబాతులను చూసి మధ్యాహ్నానికి నెల్లూరు చేరుకున్నాము. అల్లుడికి సెలవు దొరకలేదు, మా అమ్మాయి మాత్రం వచ్చింది. కువైట్‌లో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన మా తమ్ముడు మాతో కలిశాడు.

ముందు రుచి సంగతి చెబుతాను. పులుసు ముందురోజు రాత్రే కాచి ఉంచుతారు గనుక ముక్కకు పులుపు బాగా పట్టి ఉంటుంది. మామిడికాయ కాలం కాదు కాబట్టి ఆ రోజు పులుసులో మామిడి ముక్కలు లేవు. చింతపండు పులుపు ఒక్కటే అయినా లోటు అనిపించలేదు. కొరమీను ముక్కకు వేరుగా డబ్బు కట్టాలి, కట్టినందుకు తగినట్టే ఉంటుంది. దోసకాయ పప్పు బాగుంది, చారు సామాన్యం, వేపుడులో నూనె ఎక్కువ. ఇక నేను వివరంగా రాయదలచినది వడ్డన గురించి. తినే మనిషి ‘ఇక చాలు’ అని చెప్పే తీరు దేశానికొక విధంగా ఉంటుంది. ఆ తీరును గుర్తుపట్టగలిగిన వడ్డనే నా దృష్టిలో మంచి వడ్డన.

జపాన్ అతిథి ఆకు ముందు కూర్చొని చేతులు జోడించి, ‘ఇతదకిమాసు’ అన్నారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని దాని అర్థమట. అక్కడ చిన్నపిల్లలు కూడా ఆ మాట అనకుండా ముద్ద ముట్టరు. చేత్తో తినడం ఆయన మా అల్లుడి దగ్గర ముందే నేర్చుకున్నారు. కలిపిన అన్నాన్ని ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, ఆకును తుడిచినట్టు శుభ్రం చేశారు. మన లెక్కలో ఆకు మీద ఖాళీ చోటు అంటే ఇంకా కావాలని అడిగినట్టే. వడ్డించే కుర్రవాడు వెంటనే వచ్చి గరిటెడు అన్నం వేశాడు, పులుసు పోశాడు. ఆయన అదీ పూర్తిగా తిన్నారు. కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. ఇలా మూడుసార్లు జరిగింది. ఆయన ఇష్టంగా తింటున్నారనే నేను సంతోషించాను.

నిజానికి ఆయన ఇబ్బంది పడుతున్నారు. గిన్నెలో ఒక్క మెతుకు మిగిలినా దాన్ని పండించినవారిని, వండినవారిని చిన్నబుచ్చినట్టేనని చిన్ననాటి నుండి నేర్పే ఇంట్లో పెరిగిన మనిషి ఆయన. పెట్టినది వదిలేయడం తప్పు, పెడుతున్న చేతిని ఆపడం అంతకంటే పెద్ద తప్పు అనుకున్నారు. మన దగ్గర అయితే మొదటిసారి ‘చాలు’ అన్నప్పుడు దాన్ని మొహమాటం కింద తీసుకుంటాము, రెండోసారి అన్నా గరిటె ఆగదు, ఆకు మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టినప్పుడే నిజంగా చాలునని నమ్ముతాము. ఈ పద్ధతిని ఎవరూ ఆయనకు చెప్పలేదు. అతిథిని పిలిచింది నేను గనుక ఆ బాధ్యత నాదే.

నాలుగోసారి కుర్రవాడు అన్నం బేసినుతో వస్తుండగా, పక్క వరుసలో వడ్డిస్తున్న పెద్దాయన అతణ్ణి ఆపారు. ‘ఆయన చెయ్యి నెమ్మదించింది చూడలేదా? పెరుగు తీసుకురా’ అన్నారు. నన్నెవరూ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అనే మన వరుసలో పెరుగు పడిందంటే ఇక వెనక్కి వెళ్ళి పులుసు పోసేవారు ఉండరు. ‘చాలు’ అన్న మాటను నోటితో అనవలసిన అవసరం లేకుండానే అది పూర్తి చేస్తుంది. గుప్పెడు అన్నం, దాని మీద పెరుగు వేసి, పెద్దాయన అతిథి వైపు చూసి తల ఊపారు. అతిథి ముఖంలో కనిపించిన ఊరట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇరవై ఏళ్ళుగా ఈ మెస్సుకు వెళుతున్నా, ఆ రోజే దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది.

పెరుగన్నం తింటూ ఆయన తమ పద్ధతులు కొన్ని చెప్పారు. వారు తినడానికి వాడే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చకూడదు, ఎందుకంటే చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుండి మరొకరి పుల్లలకు పదార్థం అందించకూడదు, దహనం తరువాత అస్థులను ఏరేటప్పుడు బంధువులు అలా అందించుకుంటారు. అది విని నేను మా ఇంటి పద్ధతి చెప్పాను: తిన్న తరువాత ఆకును మన వైపుకు మడుస్తాము, అవతలి వైపుకు మడిచేది అశుభ కార్యపు భోజనంలో. వారికీ మనకూ బతికినవారి భోజనాన్ని పోయినవారి భోజనంతో కలవనివ్వకూడదన్న జాగ్రత్త ఒకటే. ఆయన తన ఆకును ఎంతో శ్రద్ధగా తన వైపుకే మడిచారు.

ఇథియోపియా అమ్మాయి విషయంలో చేత్తో తినడం నేర్పవలసిన పనే లేదు. వారి ఇళ్ళలో టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి, పెనం మీద పోసిన ఇంజెరా అనే వెడల్పాటి అట్టు మీద కూరలన్నీ వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని కుడిచేత్తో తుంచుకొని తింటారు. నేను ఎడమచేత్తో పచ్చడి గరిటె తీసి అందించినప్పుడు మాత్రం ఆమె ఒక్క క్షణం ఆగింది. కుడిచెయ్యి ఎంగిలి గనుక గరిటెను ఎడమచేత్తోనే ముట్టుకోవాలన్నది మన నియమమని మా అమ్మాయి వివరించింది. ఒకే పళ్ళెంలో తినే ఇంట్లో ఎంగిలి అనే మాటకు ఇంత పట్టు ఉండదు కదా.

ఆ తరువాత ఆమె పప్పు అన్నం కలిపి ఒక ముద్ద చేసి, మా అమ్మాయి నోటికి అందించింది. దాన్ని గుర్షా అంటారు. ప్రేమ ఎంతో ముద్ద అంత పెద్దదిగా ఉంటుంది, కాదనడం మర్యాద కాదు. పక్క బల్ల వారు తిరిగి చూశారు. మన పిల్లలకు గోరుముద్దలు పెట్టినప్పుడు, పెళ్ళిలో వధూవరులు తినిపించుకున్నప్పుడు చూసి మురిసిపోయే మనకు, ఎదిగిన ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య అది కొత్తగా ఉంటుంది. అయినా, రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివారి చేతి రొట్టెను కోరికతో అందుకొనే ఊరు ఇది. ఇక్కడ ఆ ముద్ద పరాయిది కాదనిపించింది నాకు. పెద్దాయన ఏమీ ఎరగనట్టు వచ్చి ఆ ఇద్దరి ఆకుల్లో అప్పడాలు వేసి వెళ్ళారు. అది కూడా మంచి వడ్డనే.

మా తమ్ముడు కువైట్ సంగతి చెప్పాడు. అక్కడ పిడి లేని చిన్న కప్పులో కాఫీ పోస్తారు, తాగిన కప్పును అటూ ఇటూ కదిలించి తిరిగి ఇచ్చేవరకు పోస్తూనే ఉంటారు. కొత్తలో అది తెలియక నాలుగైదు కప్పులు తాగేవాడట. ఐరోపా పద్ధతిలో కత్తినీ ఫోర్కునూ పళ్ళెంలో పక్కపక్కన ఉంచడం కూడా ఇటువంటి సైగే.

లోపాలు కూడా చెప్పాలి. చేతులు కడుక్కునే చోటు ఒక్కటే, వసారా చివర. అక్కడ నేల తడి, తుడుచుకోవడానికి ఏమీ ఉండదు. ఇథియోపియాలో భోజనానికి ముందు అతిథి కూర్చున్న చోటికే నీళ్ళు తెచ్చి చేతుల మీద పోస్తారని ఆ అమ్మాయి చెప్పినప్పుడు, మా అమ్మ గడపలో చెంబుతో నీళ్ళు ఇచ్చేదని గుర్తుకు వచ్చి బాధ కలిగింది. అంతకంటే పెద్ద లోపం, రద్దీ వేళలో తినేవారి కుర్చీల వెనకే తరువాతివారు వచ్చి నిలబడడం. పంక్తిలో చివరివాడు తినేవరకు ఎవరూ లేవని ఇళ్ళు మనవి. ముద్ద నోట్లో ఉండగా వెనక ఒకరు నిలబడి చూస్తూ ఉంటే ఏ దేశపు మనిషికైనా గొంతు దిగదు. మెట్ల దగ్గర కూర్చోవడానికి నాలుగు బల్లలు వేసి టోకెన్లు ఇస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. ఈ మాట కౌంటరులో చెప్పాను, శ్రద్ధగా విన్నారు.

భోజనం టికెట్టు 160 రూపాయలు, కొరమీను ముక్క 140. ఆదివారం వెళ్ళకండి, మామూలు రోజుల్లో పన్నెండున్నరకు ముందే చేరుకోండి. కొత్తవారిని తీసుకువెళితే ముళ్ళ సంగతి ముందే హెచ్చరించండి, ఆకు మీద చేతులు అడ్డం పెట్టడం నేర్పండి. కిటికీల వైపు వరుసలో కూర్చోండి, పెద్దాయన వడ్డించేది అక్కడే.