లిగమెంట్ ఆపరేషన్‌లో బిగింపు సంగతి: సోమాజిగూడలోని ఒక ఆసుపత్రి సేవపై సమీక్ష

కబడ్డీ ఆటలో మా తమ్ముడికి మోకాలిలో తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగిపోవడంతో సోమాజిగూడ వైపున్న ఒక ఆసుపత్రిలో కీహోల్ ఆపరేషన్ చేయించాము. గదుల గురించీ క్యాంటీన్ గురించీ రాసినవారు చాలామందే ఉన్నారు కనుక, కొత్త లిగమెంటును ఎముకకు ఎలా బిగించారు, ఆ సంగతి మాకు ఎంతవరకు విడమరిచి చెప్పారు అన్నంతవరకే నేను రాస్తున్నాను.

సర్జన్ గారికి పూర్తి మార్కులు వేస్తాను. కొత్త లిగమెంటుగా (గ్రాఫ్ట్ అంటారు) అమర్చడానికి తొడ వెనుక నుంచి తీసే హ్యామ్‌స్ట్రింగ్ స్నాయువును నాలుగు పేటలుగా మడిస్తే ప్రయోగశాలలో సుమారు 4000 న్యూటన్ల లాగుడుకు తట్టుకుంటుందనీ, యువకుల్లో సహజమైన ఏసీఎల్ 2160 న్యూటన్ల దగ్గరే తెగుతుందనీ చెప్పి, "గ్రాఫ్ట్ గురించి బెంగ వద్దు, మొదటి వారాల్లో బలహీనమైనది బిగింపే" అన్నారు. ఎముకలో తొలిచిన సొరంగంలో స్నాయువు అతుక్కోవడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా భారమంతా లోహపు బిళ్ళ మీదా, స్క్రూ మీదా ఉంటుంది. పైన తొడ ఎముక వెలుపలి గట్టి పొర మీద ఎండోబటన్ అనే ఆ లోహపు బిళ్ళ అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి అక్కడ అంత చింత లేదు. కింది ఎముకలో మాత్రం, గొడ్డలి కామకు చీల దిగ్గొట్టినట్టు, గ్రాఫ్ట్ పక్కన స్క్రూ దించి ఒరిపిడితో నిలబెడతారు. అక్కడి ఎముక మెత్తన, పైగా లాగుడు సొరంగం దారినే ఉంటుంది. ఒక్కసారి గట్టిగా లాగితే ఎంత ఓర్చుకుంటుందన్న అంకె ఒక్కటే చాలదనీ, నడకలో వేలసార్లు పడే చిన్న లాగుళ్ళకే గ్రాఫ్ట్ మిల్లీమీటర్ల లెక్కన జారి మోకాలు వదులవుతుందనీ ఆయన మోకాలి నమూనా పట్టుకుని ఓపికగా చూపించారు.

బిల్లింగ్ విభాగం తీరు వేరు. అంచనా పత్రంలో "ఇంప్లాంట్లు" అని ఒకే పద్దు రాసి ఊరుకున్నారు. గట్టిగా అడిగిన మీదట కేస్ షీటుకు అంటించిన స్టిక్కర్ల జిరాక్స్ ఇచ్చారు. స్క్రూ దేనితో చేసినదో, వ్యాసమెంతో, పొడవెంతో, లాట్ నంబరేమిటో అన్నీ అందులోనే ఉన్నాయి. మున్ముందు మళ్ళీ ఆపరేషన్ అవసరమైతే కావలసిన వివరాలివి, అడగకుండానే ఇవ్వవలసినవి.

ఫిజియోథెరపీ మరీ నిరాశపరిచింది. అందరికీ ఇచ్చే అచ్చు కాగితమే మాకూ ఇచ్చారు. కూర్చుని, చీలమండకు బరువు కట్టి కాలు పూర్తిగా చాపే వ్యాయామం మొదటి నెలలోనే అందులో ఉంది. కాలు నిటారయ్యే చివరి దశలో ఆ బరువు కింది ఎముకను ముందుకు లాగి గ్రాఫ్ట్‌పై ఒత్తిడి పెంచుతుంది. సర్జన్ గారు చూసి పెన్నుతో ఆ వరుస కొట్టేసి, గోడకు ఆనుకుని కొద్దిగా వంగే వ్యాయామం రాశారు. ఒకే అంతస్తులో పనిచేసేవారి మధ్య ఈపాటి సమన్వయం లేకపోవడం విడ్డూరం.

ఆపరేషన్‌కైతే ఈ ఆసుపత్రినే సూచిస్తాను. ఫిజియోథెరపీని మాత్రం సర్జన్ గారి చీటీతో ఉప్పల్‌లో మా ఇంటి దగ్గరి కేంద్రానికి మార్చుకున్నాము. 9 నెలలు నిండనిదే కూతకు వెళ్ళవద్దని ఆ చీటీలోనే రాసి ఉంది.