పాత తెరచాప పడవ అల్యూమినియం సామాను: ఏళ్ళు వాడి చూశాక

పడవ ఎంటర్‌ప్రైజ్ క్లాసుది. జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైను, ఇద్దరు నడిపే నాలుగు మీటర్ల చిన్న తెరచాప పడవ. విశాఖలో ఉప్పునీటి మీద చాలాకాలం తిరిగినదాన్ని కొని లారీలో విజయవాడ తెచ్చుకున్నాను. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, గాలి బాగుంటే భవానీ ద్వీపం దాకా ఇప్పటికీ తిరుగుతోంది. చెక్క, తెరచాప, తాళ్ళ సంగతి ఇక్కడ రాయడం లేదు. అల్యూమినియం సామానుకి ఏమేం చేశానో, ఏది నిలిచిందో, ఏది నిలవలేదో అదే రాస్తున్నాను. పాత పడవ కొన్న ప్రతివాళ్ళూ ముందు మెరుపు మీద డబ్బు పోస్తారు. నా అనుభవంలో ఆ డబ్బు వెళ్ళాల్సింది స్క్రూల కిందికి.

మాస్టుని, అంటే తెరచాప నిలబెట్టే నిలువు స్తంభాన్ని, బూముని, అంటే తెరచాప అడుగు అంచుని పట్టే అడ్డ గొట్టాన్ని, చేత్తో తడిమితే అరచేతికి తెల్లపొడి అంటేది. అటక మీద మరిచిపోయిన సత్తు గిన్నెలా ఉండేవి. అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనిపించనంత పల్చని ఆక్సైడ్ పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ తొలిచి గుంటలు పెడుతుంది. పడవ మంచినీటిలోకి వచ్చినంత మాత్రాన పాత ఉప్పు పోదు. గుంటల్లో, తాళ్ళు బిగించే క్లీట్ల అడుగున, మాస్టు గాడిలో దాక్కుని ఉంటుంది. అందుకే సామాన్లన్నీ విప్పి, నీళ్ళ తొట్లో వేసి, నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి నానబెట్టాను. విసుగు పుట్టించే పనే గానీ దీన్ని దాటేస్తే తర్వాత చేసేదంతా దండగ.

ఆ తర్వాత కిరాణా కొట్లో దొరికే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. తెల్లపొడి కరుగుతుంది. వెంటనే బాగా కడిగేయాలి, ఆరనివ్వకూడదు. చింతపండు కూడా పని చేస్తుంది, కానీ గుజ్జు గుంటల్లో ఇరుక్కుంటుంది. బట్టల సోడా, కాస్టిక్ సోడా జోలికి మాత్రం వెళ్ళకండి. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, నల్లబరుస్తుంది. కార్ల అల్లాయ్ వీల్ క్లీనర్లతోనూ జాగ్రత్త. కొన్నింట్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది చర్మంలోంచి ఎముక దాకా వెళ్ళి హాని చేస్తుంది. ఇనుప పీచు వాడితే దాని తునకలు లోహంలో దిగబడి తుప్పు మరకలవుతాయి. స్కాచ్‌బ్రైట్ చాలు.

బూముకి 400తో మొదలుపెట్టి 600, 1000 వాటర్ పేపర్లు పట్టి, మెటల్ పాలిష్‌తో బఫ్ చేశాను. అద్దంలా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, నాకూ చాలా సంతోషమైంది. కానీ ఒక వానాకాలం గడిచేసరికి మసకబారింది. మళ్ళీ బఫ్, మళ్ళీ మసక. పాలిష్ చేసిన లోహానికి ఆ సహజమైన పల్చని పొర తప్ప వేరే రక్షణ ఉండదు, పైగా పాత అనోడైజింగ్ (కరెంటుతో మందంగా కట్టించిన ఆక్సైడ్ పొర) ఏ కాస్తో మిగిలి ఉంటే అదీ పేపర్ కింద పోతుంది. మెరుపు నిలుస్తుందని స్ప్రే డబ్బా క్లియర్ కోటు ఒక వైపు కొట్టి చూశాను. మన ఎండకి అంచుల్లో లేచింది, లేచిన చోట నీళ్ళు దూరి పొర కింద పురుగు పాకినట్టు సన్నటి తెల్ల గీతలు పరుచుకున్నాయి. ఆ పొరని గీకి తీయడం అసలు పనికంటే కష్టం. ఇప్పుడు బూముకి మైనం మాత్రమే పూస్తున్నాను, మసకగా ఉన్నా ఊరుకుంటున్నాను.

చిన్న సామాన్లు హైదరాబాదు బాలానగర్ పంపి అనోడైజింగ్ చేయించాను. 20 మైక్రాన్ల మందం అడిగాను. స్టీలు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా విప్పి పంపాలి. పాత పొరని తీసేటప్పుడు కొంత లోహమూ పోతుంది కాబట్టి మరలు కాస్త వదులవుతాయి. పోతపోసిన క్లీట్లు వెండిరంగు రావని అక్కడివాళ్ళు ముందే చెప్పారు. పోత లోహంలో సిలికాన్ ఎక్కువ, అవి పొగరంగులో మచ్చలు మచ్చలుగా వచ్చాయి. అందం తక్కువే, పని మాత్రం అద్భుతం. ఇన్నేళ్ళలో వాటికి నీళ్ళ కడుగు తప్ప ఇంకేమీ చేయలేదు.

ఇక స్క్రూలు. మాస్టు అల్యూమినియం, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండూ తగిలిన చోట తడి, ఉప్పు చేరితే బ్యాటరీలా కరెంటు నడిచి అల్యూమినియం అరిగిపోతుంది. బూము మాస్టుకి కలిసే కీలు, గూస్‌నెక్ దగ్గర ఒక స్క్రూ తల చుట్టూ తెల్లటి పెచ్చు ఉబ్బి, పక్కన రంగుని పైకి లేపింది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరల మధ్య బిగుసుకుపోయి స్క్రూని కదలనివ్వదు. నూనె పోసి రాత్రంతా ఉంచినా రాలేదు. ఆటోనగర్ మెకానిక్ ఒకాయన హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ వేడి చేసి, ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో దెబ్బలు వేశాడు. ఠక్కున చప్పుడొచ్చింది. "కదిలిందండీ, ఇంక బలం పెట్టొద్దు, కొంచెం ముందుకి కొంచెం వెనక్కి తిప్పుకుంటూ తీయండి" అన్నాడు. రంధ్రం చెడకుండా బయటికొచ్చింది.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూకీ టెఫ్-జెల్ అనే టెఫ్లాన్ పేస్టు పూశాను, స్టీలు పట్టీల కింద నైలాన్ వాషర్లు వేశాను. ఈ పేస్టు మన దగ్గర సులువుగా దొరకదు, ఖరీదూ ఎక్కువే. కానీ చిన్న గొట్టం ఏళ్ళు వస్తుంది.

2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి మా షెడ్డులోకీ నీళ్ళొచ్చాయి. ఒండ్రు సామాన్లన్నిటికీ పట్టేసింది. కడిగాక చూస్తే బూము మచ్చలు పడింది, అనోడైజింగ్ చేసినవి చెక్కుచెదరలేదు. స్క్రూలు చేత్తో తిరిగాయి. ఆ రోజు నాకు పేస్టు మీద నమ్మకం స్థిరపడింది.

మళ్ళీ కొనాల్సి వస్తే పేస్టు తప్పకుండా కొంటాను, చిన్న సామాన్లకి అనోడైజింగ్ చేయిస్తాను, క్లియర్ కోటు జోలికి పోను. మాస్టు అడుగు సంగతి వేరు. అక్కడ నీళ్ళు నిలుస్తాయి, గుంటలు లోతుగా ఉంటాయి. గోడ బాగా పలచబడితే పూతలేవీ పనికిరావు, ఆ ముక్క కోయించి లోపల స్లీవు, అంటే ఇముడే ఇంకో గొట్టం, వేయించాల్సిందే. నాది ఇంకా అంతదాకా రాలేదు. నీళ్ళు పోయే రంధ్రం పూడకుండా సన్న తీగతో పొడుస్తూ, ఏటేటా ఆ చోట మందం కొలిచి రాసి పెట్టుకుంటున్నాను.