అవతార్ లోకాల్లో తేలికపాటి స్నేహాలు: ఏది మేలు?

"ప్రాణస్నేహితులు అక్కర్లేదు. రోజూ కాసేపు పిచ్చాపాటీకి మనుషులుంటే చాలు. సెకండ్ లైఫ్‌లో చేరనా, వీఆర్‌చాట్‌లో చేరనా, లేకపోతే గయా లాంటి పాత ఫోరంలోనే ఉండిపోనా?" మాటలు మారుతున్నాయి గానీ వచ్చే ప్రశ్న మాత్రం ఇదే. సెకండ్ లైఫ్, వీఆర్‌చాట్ రెండూ అవతార్‌తో, అంటే మన తరఫున తెరమీద తిరిగే బొమ్మతో, మనుషుల్ని కలిసే ఆన్‌లైన్ లోకాలు; గయా అవతార్లుండే చర్చా వేదిక. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తే నయమనిపించింది.

అకౌంటు ఎలా తెరవాలో, అవతార్‌కి బట్టలెలా తొడగాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఏది అందంగా కనిపిస్తుందన్న గొడవ కూడా ఇక్కడ పెట్టుకోను. అడిగింది తేలికపాటి స్నేహం గురించి. అంటే ఎదుటి మనిషి స్క్రీన్ నేమ్ తెలుసు, మాటతీరు తెలుసు, ఏ వేషంలో తిరుగుతారో తెలుసు. అసలు పేరు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కనబడితే సంతోషం, కనబడకపోతే దిగులు లేదు.

ఇలాంటి స్నేహానికి నా లెక్కలో గీటురాయి ఒక్కటే: అనుకోకుండా మళ్ళీ తారసపడే వీలుందా? దగ్గరి స్నేహితులు ఫలానా వేళకి కలుద్దామని చెప్పుకుని కలుస్తారు. ముఖపరిచయం ఉన్నవాళ్ళు అలా చెప్పుకోరు. చెప్పుకున్నారంటే అది ముఖపరిచయం దాటిపోయినట్టే. కాబట్టి ఎవరూ ఎవరినీ పిలవకుండానే అవే మొహాలు మళ్ళీ మళ్ళీ ఎదురుపడే ఏర్పాటు ఆ లోకం అల్లికలోనే ఉండాలి. అది లేనిచోట బొమ్మలెంత బాగున్నా, జనం ఎంతమంది ఉన్నా, ఈ రకం స్నేహం వేరు పట్టదు.

ముందుగా ఫోరం సంగతి. గయా ఆన్‌లైన్ 2003లో మొదలైంది. అక్కడ పోస్టు పెడితే గోల్డ్ వస్తుంది, ఆ గోల్డ్‌తో అవతార్‌కి బట్టలూ నగలూ రెక్కలూ కొనుక్కోవచ్చు. గోల్డ్ కోసం జనం ఊకదంపుడు పోస్టులు కుప్పపోస్తారని విసుక్కునేవాళ్ళు మొదట్నుంచీ ఉన్నారు. గట్టి చర్చ కోసం వెళ్ళినవాళ్ళకి అది విసుగే మరి. మన పనికి మాత్రం ఆ ఊకదంపుడే కావాలి. "నిద్ర పట్టట్లేదు", "ఇక్కడ వాన", "పై పోస్టు పెట్టినవాళ్ళ అవతార్‌కి పదికి ఎన్ని మార్కులు?" ఇలాంటి థ్రెడ్లలో (ఒక విషయం కింద సాగే పోస్టుల వరసల్లో) చెప్పుకోదగ్గ విషయం ఒక్కటీ ఉండదు. అందుకే ఎవరైనా వచ్చి ఒక మాట అనేసి పోవచ్చు. ఎనిమిది తొమ్మిదిసార్లు అలా ఒకే థ్రెడ్‌లో పైనా కిందా పడ్డాక, పరిచయం అయిందని ఎవరూ ప్రకటించకుండానే అయిపోతుంది.

మాట కలపడానికి సాకు కూడా సిద్ధంగా ఉంటుంది. ప్రతి పోస్టు పక్కనా రాసినవాళ్ళ అవతార్ నిలబడి ఉంటుంది కదా, కొత్త టోపీ పెట్టుకొస్తే ఎవరో ఒకరి కంట పడుతుంది. ఖరీదైన వస్తువేదో మనసుపడి దానికోసం గోల్డ్ కూడబెట్టేవాళ్ళు సొంతంగా ఒక థ్రెడ్ తెరుస్తారు, దాన్ని క్వెస్ట్ అంటారు. వచ్చేపోయేవాళ్ళు తోచింది వేసి, "ఇంకా ఎంత తక్కువైంది?" అని అడిగి వెళ్తారు. థ్రెడ్ అడుగుకి జారిపోకుండా ఉత్తినే "బంప్" అని రాసిపోయేవాళ్ళూ ఉంటారు. ఆ ఒక్క ముక్కలో ఎంత ఆపేక్ష ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు.

ఫోరంలో ఇంకో సుఖం, జవాబుకి తొందర లేకపోవడం. పది రోజులు మాయమై తిరిగొచ్చి, ఆగిన వాక్యం దగ్గరే అందుకోవచ్చు. ఏమైపోయావని నిలదీసేవాళ్ళుండరు. లోపమూ ఇందులోనే ఉంది. ఇద్దరూ ఒకేసారి నవ్వడమన్నది ఉండదు. మీరు జోకేసింది సాయంత్రం, అవతలివాళ్ళు నవ్వింది మర్నాడు. పైగా ఇలాంటి ఫోరాల్లో మునుపటి సందడి లేదు. మిగిలినవాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళకి ఒకరితో ఒకరికి ఏళ్ళ పరిచయం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పాత నవ్వులు అర్థం కావడానికి టైము పడుతుంది.

ఇక వీఆర్‌చాట్. 2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వచ్చింది. తలకి తొడుక్కునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ లేకపోయినా మామూలు కంప్యూటర్‌తో వెళ్ళొచ్చు. గొంతు వినిపిస్తుంది, హెడ్‌సెట్ ఉన్నవాళ్ళ చేతులూ తలా కదులుతాయి. టైపు చేసే మాట దీనికి సాటిరాదని ఒప్పుకోవాల్సిందే. మైకు వాడకుండా సైగలతోనే నెగ్గుకొచ్చేవాళ్ళున్నారు, వాళ్ళని మ్యూట్స్ అంటారు. గాల్లో పెన్నుతో బొమ్మలు గీసి కబుర్లు చెప్పే మ్యూట్ పక్కన పావుగంట కూర్చుంటే తెలుస్తుంది, మాట లేకుండా ఎంత మాట్లాడొచ్చో.

అక్కడ మరీ ముచ్చటైన అలవాటు అద్దం. చాలా వరల్డ్స్‌లో, అంటే అక్కడి వేర్వేరు చోట్లలో, ఒక గోడకి పెద్ద అద్దం ఉంటుంది. జనం దాని ముందు వరసగా చేరి, ఎవరి అవతార్‌ని వాళ్ళు చూసుకుంటూ పక్కవాళ్ళతో మాట్లాడుతుంటారు. బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. నాకైతే అందులో మంచి కిటుకు కనిపిస్తుంది. ఎదురెదురుగా నిలబడితే ఏదో ఒకటి మాట్లాడి తీరాలి. పక్కపక్కన నిలబడి ఇద్దరూ అద్దంలోకి చూస్తుంటే ఊరుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. ముఖపరిచయానికి అంతకంటే అనువైన నిలబడే పద్ధతి ఇంకోటి లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? వరల్డ్ ఒకటే అయినా దానికి కాపీలు అనేకం. ఒక్కో కాపీని ఇన్‌స్టెన్స్ అంటారు. అందరూ వెళ్ళిపోతే ఆ ఇన్‌స్టెన్స్ మాయమవుతుంది. రేపు మీరు అదే వరల్డ్‌కి, అదే అద్దం ముందుకి వెళ్ళినా నిన్నటివాళ్ళు ఇంకో కాపీలో ఉండొచ్చు. అంటే మళ్ళీ కలవడాన్ని ఆ చోటు చూసుకోదు, మీరే చూసుకోవాలి. అందుకే పరిచయమైన పది నిమిషాలకే ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపాల్సి వస్తుంది. అవతార్లు పూటకొకటి మారుస్తారు కాబట్టి మనిషిని గుర్తుపట్టడానికి నెత్తిమీది పేరూ గొంతే దిక్కు. నెల తిరిగేసరికి ఫ్రెండ్ లిస్ట్ నిండా ఎవరో గుర్తురాని పేర్లు.

దీనికి తోడు, అక్కడ చనువు చప్పున పెరుగుతుంది. నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన వీఆర్ ప్రయోగంలో, అందమైన అవతార్ దక్కినవాళ్ళు ఎదుటివాళ్ళకి మరింత దగ్గరగా వెళ్ళి నిలబడ్డారు, తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు. వీఆర్‌చాట్‌లో అందంగా లేని అవతార్ వేసుకున్నవాళ్ళు ముచ్చటపడి అలా వేసుకున్నవాళ్ళే, మిగతావాళ్ళంతా ముస్తాబై వచ్చేవాళ్ళే. అర్ధరాత్రి, ఎవరైనా రాగల పబ్లిక్ ఇన్‌స్టెన్స్‌లో ముక్కూమొహం తెలియని మనిషి తన విడాకుల కథంతా చెప్పేస్తే ఆశ్చర్యం లేదు. రైల్లో పక్కసీటు మనిషితో మాట్లాడినట్టే: మనసు విప్పి చెప్పుకుంటారు, స్టేషన్ రాగానే దిగిపోతారు. ఆ రాత్రికి అది గొప్పగానే ఉంటుంది. మీరు అడిగిన తేలికపాటి స్నేహం మాత్రం అది కాదు.

విరుగుడు లేకపోలేదు. ఫ్రెండ్స్ ప్లస్ అనే రకం ఇన్‌స్టెన్స్‌లోకి, లోపలున్న ఎవరికైనా ఫ్రెండ్ అయినవాళ్ళు రావచ్చు. పబ్లిక్‌లో ఉండే గోల ఉండదు, స్నేహితుల స్నేహితులు అప్పుడప్పుడూ తగులుతుంటారు. స్టేటస్ రంగులు కూడా బాగా పనికొస్తాయి. నీలం అంటే నేరుగా వచ్చేయొచ్చని, నారింజ అంటే అడిగి రమ్మని, ఎరుపు అంటే కదిలించొద్దని. నోరు తెరిచి "ఈ పూట వద్దు" అనే అవస్థ తప్పుతుంది. వీఆర్‌చాటే కావాలనుకుంటే పబ్లిక్‌లో తిరగడం మానేసి, ఇద్దరు ముగ్గురి ద్వారా ఫ్రెండ్స్ ప్లస్‌లోకి చేరండి.

సెకండ్ లైఫ్ వయసులో గయాకి సాటి, అదీ 2003లోనే జనానికి అందుబాటులోకి వచ్చింది. నడక మొద్దుగా ఉంటుంది, జుట్టు భుజంలోంచి దూరిపోతుంది, కొత్తవాళ్ళకి మెనూలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా అక్కడ నేల నేలలాగే ఉంటుంది. ఒక్కో రీజియన్, అంటే అక్కడి ఒక్కో నేల ముక్క, 256 మీటర్ల చదరం. అద్దె కట్టినన్నాళ్ళు అక్కడ కట్టింది అక్కడే ఉంటుంది. ఫలానా క్లబ్బుకి మీరు ఇవాళ వెళ్ళినా ఆర్నెల్ల తర్వాత వెళ్ళినా అది ఒకటే క్లబ్బు, ఆ వేళకి వచ్చేవాళ్ళు ఇంచుమించు వాళ్ళే. కాపీలు లేవు. నా గీటురాయికి నిలిచేది ఇక్కడే.

దీనికి మించినది ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోకల్ చాట్‌లో టైపు చేసిన మాట 20 మీటర్ల దాకానే చేరుతుంది. గుసగుసైతే 10 మీటర్లు, అరిస్తే 100. చూడ్డానికి ఇది సాంకేతికమైన సంగతి. ఫలితం మాత్రం పూర్తిగా మనుషులకి సంబంధించింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కనుంచి పోయే మూడోవాళ్ళ చెవిన ఆ మాటలు పడతాయి. నచ్చితే ఆగుతారు, లేదా సాగిపోతారు. మీకు నచ్చని కబురైతే మీరే నాలుగడుగులు పక్కకి జరగొచ్చు. ఎవరినీ బ్లాక్ చేయక్కర్లేదు, సెలవు తీసుకోనక్కర్లేదు. మాటకి ఇంత దూరమని హద్దు ఉండడం వల్ల చాటుగా వినడం, మధ్యలో దూరడం, మెల్లగా జారుకోవడం అన్నీ కుదురుతాయి. ఈ మూడూ లేకుండా ముఖపరిచయాలు ఎలా పుడతాయి?

నమ్మకం కుదరకపోతే ఏదైనా శాండ్‌బాక్స్‌కి వెళ్ళి చూడండి. అవి ఎవరైనా వచ్చి వస్తువులు కట్టుకునే ఖాళీ స్థలాలు. ఒకరు కుర్చీ చేస్తుంటారు, ఇంకొకరి తలుపు తెరుచుకోక మొరాయిస్తుంటుంది. "స్క్రిప్టులో టచ్ ఈవెంట్ పెట్టారా?" అని, అంటే ముట్టుకుంటే తెరుచుకునేలా కోడ్ రాశారా అని, అవతల్నుంచి ఒక మాట పడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. థాంక్స్, పర్లేదు, అంతే. మర్నాడు ఆ తలుపు మనిషే ఈ కుర్చీ మనిషిని "ఇవాళ ఏం కడుతున్నారు?" అని అడుగుతారు. చేతిలో పనుంది కాబట్టి మాట ఆగినా వెలితి లేదు. 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, దగ్గరివాళ్ళకి తెలిసింది చాలావరకు మనకీ తెలిసే ఉంటుందని, కొత్త కబురు మోసుకొచ్చేది అంతంతమాత్రం పరిచయస్థులేనని రాశారు. ఆయన వెతికింది ఉద్యోగాల కబుర్లు. శాండ్‌బాక్స్‌లో దొరికేది తలుపు కిటుకు. దారి మాత్రం అదే.

ఇంకో సదుపాయం కూడా నాకిష్టం. ఎవరి ప్రొఫైల్‌లోనైనా మీకు మాత్రమే కనిపించే నోట్ రాసుకోవచ్చు. "గుర్రం అవతార్. శాండ్‌బాక్స్‌లో తలుపు సరిచేశారు. పిల్లుల కబుర్లు ఇష్టం." రెండు నెలల తర్వాత ఎదురుపడితే "పిల్లి ఎలా ఉంది?" అనడానికి ఆ ఒక్క లైను చాలు. ఫ్రెండ్‌గా చేర్చుకున్నాక కూడా ఎంత చనువివ్వాలో మీ చేతిలోనే ఉంటుంది. మీరు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనబడాలా, మ్యాప్‌లో ఎక్కడున్నారో కనబడాలా, మీ వస్తువుల్ని వాళ్ళు మార్చొచ్చా అన్నవి మూడు వేర్వేరు అనుమతులు. మొదటిది ఇవ్వండి. రెండోది తేలికపాటి స్నేహానికి అనవసరం, వెతుక్కుంటూ వచ్చేస్తే తారసపడటం అనేదే పోతుంది. మూడోది ఇద్దరూ కలిసి ఏదైనా కట్టేటప్పుడు చూసుకోవచ్చు.

లోటుపాట్లు దాచను. చాలా స్థలాలు మీరు వెళ్ళేసరికి ఖాళీగా ఉంటాయి. జనం చేరే క్లబ్బులు వెతుక్కుని, ఒకే వేళకి కొన్నాళ్ళు తిరిగితే గానీ మొహాలు గుర్తుకి రావు. కొన్నిచోట్ల అంతా మౌనంగా నిలబడి ప్రైవేట్ మెసేజుల్లో మాట్లాడుకుంటుంటారు. 20 మీటర్ల మహిమ అక్కడ సున్నా. అలాంటి చోటు కనిపిస్తే మరో చోటు చూసుకోవడమే.

మిగతా అవతార్ లోకాల గురించి ఎక్కువ చెప్పను. ఐఎంవీయూలో గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడం బాగానే ఉంటుంది, కానీ ముస్తాబుల మీద ఉన్న ధ్యాస కబుర్ల మీద ఉండదు. హబ్బో 2000లో ఫిన్లాండ్‌లో పుట్టింది, చదరపు గదులూ ఫర్నీచర్ సరదా దాని సొత్తు, అక్కడ ఆడిపాడి పెరిగినవాళ్ళకి ఇప్పటికీ మోజే. రోబ్లాక్స్ ఆటల కోసం, అందులోనూ పిల్లలు ఎక్కువ. పెద్దవాళ్ళు కబుర్ల కోసం అక్కడికి వెళ్ళకపోవడమే మర్యాద. జెపెటోలో ఫొటోలకి పోజులిచ్చే సరదా ఎక్కువ.

ఏ లోకంలో ఉన్నా ఒక ఘట్టం వస్తుంది: "డిస్కార్డ్‌లో ఉన్నారా?" అని అడుగుతారు. డిస్కార్డ్ అంటే విడిగా ఉండే చాట్ యాప్. అడిగినవాళ్ళ తప్పేం లేదు. కాకపోతే ఆ రోజునుంచి మీరు ఒకరి నోటిఫికేషన్లలో ఒకరు ఉంటారు. మెసేజ్ చూసి జవాబివ్వకపోతే అదొక సంగతవుతుంది. అలా వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, అది వేరే రకం స్నేహం. తేలికగానే ఉంచుకోవాలంటే "నేను ఇక్కడే దొరుకుతాను" అనండి, ఎవరూ నొచ్చుకోరు.

అలా ఉంటే లోకం మూతబడినప్పుడు అందరూ చెదిరిపోతారు కదా అని కొందరి భయం. నిజమే. క్లబ్ పెంగ్విన్ అనే పిల్లల లోకం 2017 మార్చిలో మూతబడింది, దేర్ అనే ఇంకో లోకం 2010లో ఒకసారి మూతబడి 2012లో మళ్ళీ తెరుచుకుంది. కొన్ని పరిచయాలు అలా పోతాయి. ఆ భయంతో అందరి అడ్రసులూ ముందే తీసిపెట్టుకోవడం నాకు నచ్చదు. మరీ వదులుకోలేని ఒకరిద్దరుంటే వాళ్ళని అడగండి.

కాబట్టి, కుదురుగా కూర్చునే కంప్యూటర్ ఉండి, రోజులో ఒక వేళ నిలకడగా దొరికేవాళ్ళకి సెకండ్ లైఫే నా మాట. వేళాపాళా లేని జీవితమైతే ఫోరం. గొంతు వినకపోతే మనిషిని కలిసినట్టే అనిపించనివాళ్ళు వీఆర్‌చాట్‌కి వెళ్ళండి, అద్దం ముందు చివర్లో చోటు చూసుకోండి.