సొంత వ్యాపారమా, ఎల్‌ఎల్‌పీయా, ప్రైవేట్ లిమిటెడా: బాధ్యత ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

నలుగురికి ఉద్యోగమిచ్చే వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఆడిటర్‌ను మొదట అడిగేది పన్ను ఎందులో తక్కువ అని. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. వ్యాపారం దెబ్బతింటే సొంత ఇల్లు మిగులుతుందా? నోటీసు ఎవరి పేరున వస్తుంది?

సొంత పేరుతో నడిపే వ్యాపారంలో జవాబు సూటిగా ఉంటుంది. చట్టం దృష్టిలో మీరూ మీ వ్యాపారమూ ఒకటే. సరుకు బాకీ, జీతాల బాకీ, పన్ను బాకీ అన్నీ మీవే. పెద్ద అప్పులు లేకుండా ఒకరిద్దరు సహాయకులతో నడిచే పనికి ఇంతకు మించి హంగులు అక్కర్లేదు.

భాగస్వామ్య సంస్థను మాత్రం నేను ఎవరికీ సూచించను. 1932 నాటి చట్టం ప్రకారం సంస్థ బాకీలకు భాగస్తులందరూ ఉమ్మడిగానూ, ఎవరికి వారుగానూ బాధ్యులే. మీ వాటా పావు వంతే అయినా అప్పిచ్చినవాడు మొత్తం మీ దగ్గరే రాబట్టుకోవచ్చు. ఆ తర్వాత మిగతావాళ్లతో తేల్చుకోవడం మీ తలనొప్పి. బావామరుదులు కలిసి పెట్టే వ్యాపారాల్లో ఈ నిబంధన గురించి ముందుగా మాట్లాడుకునేవాళ్లు అరుదు.

ఈ ఇబ్బందికి విరుగుడుగా 2008 చట్టంతో ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం, వచ్చింది. ఇందులో ఒక భాగస్తుడు చేసిన తప్పుకు మరొకరి సొంత ఆస్తి పోదు. మోసం చేసే ఉద్దేశంతో నడిపితే మాత్రం అందులో పాలుపంచుకున్నవాళ్లకు ఈ రక్షణ ఉండదు. టర్నోవర్ 40 లక్షలు గానీ, భాగస్తులు పెట్టిన మూలధనం 25 లక్షలు గానీ దాటితేనే ఆడిట్ తప్పనిసరి. ప్రైవేట్ లిమిటెడ్‌కు ఆ వెసులుబాటు లేదు, ఏడాదంతా ఒక్క బిల్లు కూడా వేయకపోయినా ఆడిట్ చేయించాల్సిందే.

ప్రైవేట్ లిమిటెడ్‌లో వాటాదారు నష్టం అతను పెట్టిన డబ్బుకే పరిమితం. అయితే వాటాదారు వేరు, డైరెక్టరు వేరు. చిన్న కంపెనీల్లో ఇద్దరూ ఒక్కరే కావడంతో ఈ తేడా కనిపించదు. కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి రెండో పేరుగా భార్యదో, తండ్రిదో రాసేస్తారు. వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయకపోతే 2013 కంపెనీల చట్టం ఆ రెండో పేరును కూడా అయిదేళ్లపాటు అనర్హుల జాబితాలో వేస్తుంది. 2017లో దేశవ్యాప్తంగా లక్షల మంది డైరెక్టర్లు ఇలాగే అనర్హులయ్యారు.

చెక్కు విషయం మరీ చిక్కు. చెక్కు చెల్లక వెనక్కి వచ్చి, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేయవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా. కంపెనీ చెక్కయితే సంతకం చేసినవారు, మేనేజింగ్ డైరెక్టరు ముందు వరుసలో ఉంటారు. కేవలం డైరెక్టరు అయినంత మాత్రాన నేరం అంటగట్టలేమని, వ్యవహారం నడిపే బాధ్యత ఉండాలని ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో ఉండే రెండో డైరెక్టరుకు అది ఊరటే, కానీ ఖాళీ చెక్కుల మీద ఆమె చేత సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకునే అలవాటుంటే ఆ ఊరటా పోతుంది.

కంపెనీకీ సొంత ఆస్తికీ మధ్య ఉండే గోడ పన్నుల దగ్గర ఇంకా పలచన. ప్రైవేట్ కంపెనీ నుంచి ఆదాయపు పన్ను రాబట్టలేకపోతే డైరెక్టర్ల నుంచి వసూలు చేయవచ్చు. తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సింది డైరెక్టర్లే. జీఎస్టీలోనూ ఇదే పద్ధతి, ఎల్‌ఎల్‌పీ భాగస్తులకూ అక్కడ మినహాయింపు లేదు. ఇక బ్యాంకు అప్పుకు వ్యక్తిగత హామీ రాసిచ్చాక ‘లిమిటెడ్’ బోర్డు పెద్దగా ఆదుకోదు. అలాంటి హామీదారుల మీద దివాలా చర్యలు చెల్లుతాయని 2021లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

యజమానిగా మోయాల్సిన బాధ్యత ఏ రూపంలోనైనా ఒకటే. సాధారణంగా 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ. పది మంది లేదా అంతకు మించి ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ కూడా. ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్ వాటాను జమ చేయకుండా వాడుకుంటే అది నేరపూరిత నమ్మకద్రోహం కిందికి వస్తుంది. నెలాఖరులో చేతిలో డబ్బు ఆడక ఆ సొమ్ముతో సరుకు తెచ్చుకునేవాళ్లు దాన్ని చేబదులు అనుకుంటారు, చట్టం అలా అనుకోదు.

నా ఓటు ఇలా. బయటి పెట్టుబడి అవసరం లేని ఇద్దరు ముగ్గురికి ఎల్‌ఎల్‌పీ మేలు. పెట్టుబడిదారులను తెచ్చుకోవాలంటే ప్రైవేట్ లిమిటెడ్ తప్పదు. కానీ డైరెక్టరుగా ఉండే ప్రతి ఒక్కరికీ లెక్కలు చూసే హక్కు, ఓపిక రెండూ ఉండాలి. మొహమాటానికి ఇప్పటికే డైరెక్టరైనవాళ్లు రాజీనామాను లిఖితపూర్వకంగా ఇచ్చి, కంపెనీ దాన్ని దాఖలు చేసేదాకా చూస్తూ కూర్చోకుండా రాజీనామాను కంపెనీల రిజిస్ట్రారుకు తెలిపే డీఐఆర్-11 ఫారం తామే వేసుకోవచ్చు. పదవిలో ఉన్న కాలానికి జవాబుదారీ మాత్రం రాజీనామాతో పోదు.