థార్‌కు ముందుగా ఏది వేయించడం మేలు: ఎంటీ టైర్లా, ఏటీ టైర్లా, లిఫ్టా, వించా?

వానలు మొదలయ్యాయంటే నాకు ఇదే ప్రశ్న వస్తుంది. "అన్నా, థార్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నా. చేతిలో ఓ లక్ష ఉంది. లిఫ్ట్ వేయించాలా, ఎంటీ టైర్లు వేయించాలా, వించ్ పెట్టించాలా?" లిఫ్ట్ అంటే సస్పెన్షన్ దగ్గర మార్పు చేసి బండిని ఎత్తు చేయడం. ఎంటీ అంటే మడ్ టెర్రైన్, బురద కోసం చేసిన టైరు; ఏటీ అంటే ఆల్ టెర్రైన్, అన్ని రకాల దారులకు పనికొచ్చేది. వించ్ అంటే బండి ముందు బిగించి, తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు. బండి కొన్న ఉత్సాహంలో ముందుగా లిఫ్ట్ మీదే మనసు పోతుంది. నేను మాత్రం ముందు టైర్లు, తర్వాత దిగబడిన బండిని లాగే తాడు, టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ అంటాను. లిఫ్ట్ అన్నిటికంటే చివర.

ఎందుకో చెప్పాలంటే మన ఆదివారం ఎలా గడుస్తుందో చూడాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు వెళ్తే హైదరాబాద్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు తారు రోడ్డే. మట్టి మీద తిరిగేది పది, పదిహేను కిలోమీటర్లు. సాయంత్రం మళ్లీ అదే తారు రోడ్డు, చాలాసార్లు వానలో, లారీల మధ్య. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటారు. బురదలో బండిని లాగే టైరు ఆ తడి రోడ్డు మీద బ్రేకుకు కూడా నిలబడాలి.

ఎంటీ టైరు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. దాని దిమ్మలు పెద్దవి, మధ్య సందులు వెడల్పు. అందువల్ల తారుకు తగిలే రబ్బరు తక్కువ. తడి రోడ్డు మీద బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే హోరు మొదలవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ఏటీ టైరులో దిమ్మలు దగ్గరగా ఉంటాయి, వాటి మీద సన్నని గాట్లు ఉంటాయి. తారు మీద నమ్మకంగా ఆగుతుంది. ఎర్రమట్టి చెల్కలో, కంకర బాటలో, రాళ్ల మీద కూడా దానికి పెద్దగా లోటు లేదు.

మరి ఎంటీ గెలిచే చోటు లేదా? ఉంది, నల్లరేగడి. చేవెళ్ల దాటి వికారాబాద్, తాండూరు వైపు వెళ్లేకొద్దీ ఈ నేల తగులుతుంది. తాండూరు కందికి పేరు తెచ్చిన నేలల్లో ఇదొకటి. తడిస్తే రుబ్బిన మినప్పిండిలా జిగురెక్కుతుంది. ఏటీ టైరు సందుల్లోకి ఒకసారి దూరిందా, ఇక రాలదు. రెండు చుట్లు తిరిగేసరికి టైరు అరిగిపోయినదానిలా నున్నగా అవుతుంది. ఎంటీ అయితే వెడల్పు సందుల్లోంచి ఆ మట్టిని విసిరేస్తుంది, అదీ చక్రం కాస్త వేగంగా తిరిగితేనే.

మూడేళ్ల కిందట ఒక రేగడి బాటలో నా బండి ఏటీ టైర్లతోనే ఇరుసుల దాకా దిగబడింది. పక్క చేను పెద్దాయన ట్రాక్టరు తెచ్చి గట్టి నేల మీద నిలబెట్టి, తాడు కట్టి లాగాడు. "ఈ మన్ను తడిసినంక ఎడ్లనే దింపం బిడ్డా, నీ బండెట్ల నడుస్తది?" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు నుంచి తడిసిన రేగడి కనిపిస్తే వెనక్కి తిప్పుకుంటాను. ఎంటీ టైర్లున్నా అదే పని చేయండి. అక్కడ మనం చేసే గాడి ఎండాక రాయిలా గట్టిపడుతుంది, బండ్ల బాట పాడవుతుంది, ఇబ్బంది పడేది ఆ రైతే. మీ పొలమే రేగడిలో ఉండి, వానాకాలమంతా వారం వారం వెళ్లక తప్పదంటే ఎంటీ వేయించుకోండి. మిగతా అందరికీ ఏటీయే మేలు.

ఏటీలోనూ పక్కగోడ బలం అడిగి తీసుకోండి. మన చుట్టూ ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పగిలిన చోట దాని అంచు కత్తిలా ఉంటుంది. టైరు పక్కన కోసుకుంటే పంక్చర్ ప్యాచ్ పనికిరాదు. పక్కగోడలో మూడు పొరలున్న ఏటీ దొరికితే కొంత ఎక్కువైనా పెట్టండి.

సైజు పెంచుదామా అంటే, లెక్క చూద్దాం. థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు. 285/65 ఆర్18 వేస్తే 828 అవుతుంది. పెరిగిన 39లో సగమే, అంటే 20 మిల్లీమీటర్ల లోపే, బండి కింద ఎత్తు పెరుగుతుంది. బదులుగా స్పీడోమీటర్ 80 చూపిస్తే అసలు వేగం 84 ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు బండి లోపలి భాగాలకు రాసుకునే టెన్షన్ ఉంటుంది. కంపెనీ సైజులోనే ఉండటం నాకు నచ్చుతుంది.

ఇక లిఫ్ట్. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లిఫ్ట్ బాడీని లేపుతుంది కానీ వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండును లేపదు. ఆ ఎత్తు పెంచేది టైరొక్కటే. గట్టు ఎక్కేటప్పుడు బంపరు, పొట్ట తగలకుండా లిఫ్ట్ కాపాడుతుంది, అంతవరకు నిజం. కానీ కంపెనీ లెక్కలోనే థార్ కింద ఎత్తు, అంటే గ్రౌండ్ క్లియరెన్స్, 226 మిల్లీమీటర్లు. మన బాటల్లో అది సరిపోని చోట్లు నాకు చాలా తక్కువ తగిలాయి. ఉన్న స్ప్రింగులకే దిమ్మలు పెట్టి లేపే, చవగ్గా దొరికే స్పేసర్ లిఫ్ట్‌తో సస్పెన్షన్ కదలిక పెరగదు. చక్రం కిందికి సాగే దూరం ఇంకా తగ్గుతుంది, ముందు యాక్సిల్ కీళ్లు వంకర కోణంలో తిరిగి వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి. వేయించాలనే ఉంటే స్ప్రింగులు, వాటికి సరిపడే డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) కలిపి వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

వించ్ ఒంటరిగా తిరిగేవారికి పనికొస్తుంది. బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలిగేది కావాలి, దాన్ని మోయడానికి గట్టి బంపరు కావాలి. ఆ బరువుకు ముందు భాగం కుంగుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల సంగతీ చూసుకోవాలి. మనం ఎప్పుడూ రెండు మూడు బండ్లతో వెళ్తాం కదా, సాగే కైనెటిక్ తాడు, దాన్ని బండికి తగిలించే రెండు సాఫ్ట్ షాకిళ్లు (గట్టి తాడుతో చేసిన కొక్కేలు), ఒక పార ఉంటే చాలా వరకు బయటపడతాం. తాడును చాసిస్ హుక్కుకే తగిలించండి, ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కు మాత్రం వద్దు. అది ఊడితే తూటాలా వస్తుంది. లాగేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు.

చట్టం సంగతీ గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. బండి ముందు బిగించే ఇనుప బుల్ బార్, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర ఈ మార్పులే అడ్డం రావచ్చు.

అసలు ఏదీ కొనకముందు, ఉన్న టైర్లతోనే ఒక పని చేసి చూడండి. మట్టి బాట మొదట్లో ఆగి నాలుగు టైర్లలో గాలి 18 నుంచి 20 పీఎస్ఐకి దించండి. టైరు అడుగు పొడవై నేలను పట్టుకుంటుంది, రాళ్ల మీద కుదుపు తగ్గుతుంది. 15 కంటే దించితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. వేగం 25 దాటనివ్వకండి. తారు ఎక్కే ముందు డోరు దగ్గర స్టిక్కరు మీదున్న అంకెకు మళ్లీ గాలి పట్టాలి, దానికే కంప్రెసర్. రెండు ఆదివారాలు ఇలా తిరిగి, ఇంకా ఎక్కడ ఆగిపోతోందో రాసిపెట్టుకొని అప్పుడు ఫోన్ చేయండి. ఆ చోటును బట్టి ఏం కొనాలో కలిసి తేల్చుకుందాం.